తొలి ఏడాదికి తూకం ఎలా?

ఐపీఎల్‌లో కొత్తగా మెరిసిన కుర్రాడు మేలిమి బంగారమా... ఒక్క సీజన్ తళుకా? ఈ ప్రశ్న వేలంలో కోట్లు పోసే యజమానులది మాత్రమే కాదు. కొడుకు చేతికి బ్యాటిచ్చి తెల్లారకముందే మైదానానికి పంపే ప్రతి ఇంటిదీ!

397... 303... 71.

ముగ్గురు తెలుగు కుర్రాళ్లు ఐపీఎల్‌లో తమ సత్తా చూపే అవకాశం దొరికిన మొదటి సీజన్లో చేసిన పరుగులివి. మొదటిది తిలక్‌వర్మది, 2022లో. రెండోది నితీశ్‌కుమార్‌రెడ్డిది, 2024లో. మూడోది షేక్ రషీద్‌ది, 2025లో. అంకెలు చూసి మార్కులేయమంటే ఎవరైనా చెప్పేస్తారు... ఫస్టు, సెకండు, ఫెయిలు! కానీ ఆటలో తొలి ఏడాదిని అలా కొలిస్తే పప్పులో కాలేసినట్టే. అలా కాలేసినవాళ్ల జాబితా చాలా పెద్దది. అందులో అమెరికాలో కోట్ల డాలర్ల జీతాలు తీసుకునే నిపుణులూ ఉన్నారు.

అందుకున్నవాడే వీరుడు

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు కాస్త దూరపు చుట్టం. కొడుకో కూతురో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఇళ్లలో మాత్రం ఆ పేరు తరచూ వినిపిస్తుంటుంది. అందులో 'వైడ్ రిసీవర్' అని ఓ స్థానం. మైదానం అంచున నిలబడి, ఆట మొదలవగానే ప్రత్యర్థిని తప్పించుకుని పరుగు తీసి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని గాల్లోనే ఒడిసిపట్టడం అతని పని. కాలేజీల నుంచి వచ్చే కొత్తవాళ్లను జట్లు ఏటా ఏడు రౌండ్లలో ఎంచుకుంటాయి. కిందటేడాది అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి వంతు. ఇలా వచ్చినవాళ్లను 'రూకీ'లంటారు.

2014లో వచ్చిన రిసీవర్ల గురించి అక్కడ ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. మొదటి రెండు రౌండ్లలోనే 12 మంది! అందరికన్నా ముందు, నాలుగో స్థానంలో సామీ వాట్కిన్స్‌ని బఫెలో జట్టు తీసుకుంది. అతని కోసం మరుసటేడాది తొలిరౌండ్ వంతును కూడా వదులుకుంది. పన్నెండో స్థానంలో వచ్చిన ఒడెల్ బెక్‌హామ్ గాయంతో నాలుగు మ్యాచ్‌లు ఆడకపోయినా, మిగతా 12 మ్యాచ్‌ల్లో 1,305 గజాలు సాధించి ఔరా అనిపించాడు. 53వ స్థానంలో వచ్చిన డావంటే ఆడమ్స్ ఏడాది మొత్తానికి చేసింది 446 గజాలే. రెండో ఏడూ అంతంతమాత్రమే. అభిమానులు పెదవి విరిచారు. తర్వాతేమైంది? వాట్కిన్స్ అనుకున్నంత ఎత్తుకు వెళ్లలేకపోయాడు. ఆడమ్స్ 2020 నుంచి వరసగా మూడేళ్లు దేశంలోకెల్లా మేటి రిసీవర్ల జట్టులో నిలిచాడు.

దీనికి పూర్తి విరుద్ధమైన కథా ఉంది. 2023లో పూకా నకువా అనే కుర్రాడి కన్నా ముందు 176 మందిని ఎంచుకున్నారు. అతనేమో 1,486 గజాలతో తొలి ఏడాది రికార్డునే తిరగరాశాడు!

అందుకే అక్కడివాళ్లు గజాలు ఒక్కటే చూడరు. ఆ కుర్రాడివైపు బంతిని ఎన్నిసార్లు విసిరారు, విసిరినవాడు ఎంతటివాడు, పక్కన ఇంకో మేటి రిసీవర్ ఉంటే వీడి వాటా ఎంత... ఇవన్నీ లెక్కేస్తారు. బంతి రానివాడు ఏం పడతాడు పాపం!

పరుగులు తగ్గినా... పెరిగినట్టే!

ఇదే లెక్కను మన కుర్రాళ్లకు వేసి చూడండి.

తిలక్‌వర్మ హైదరాబాద్‌లో ఓ ఎలక్ట్రీషియన్ కొడుకు. కోచ్ సలామ్ బయాష్ చేరదీసి ఆట నేర్పాడు. 2022 వేలంలో ముంబై ఇండియన్స్ 1.70 కోట్లకు తీసుకుంది. ఆ ఏడాది ముంబై ఆడిన మొదటి ఎనిమిది మ్యాచ్‌లూ ఓడి, చివరకు అట్టడుగున నిలిచింది. అంటే 19 ఏళ్ల తిలక్ తరచూ క్రీజులోకి వచ్చింది వికెట్లు టపటపా రాలిపోయాకే. చెన్నైతో మ్యాచ్‌లో రోహిత్, ఇషాన్ ఇద్దరూ తొలి ఓవర్లోనే సున్నాలు చుట్టారు. తిలక్ 43 బంతుల్లో 51 చేసి అజేయంగా నిలిచాడు. టీ20లో అంత నెమ్మదా అని గొణిగినవాళ్లున్నారు. నిజానికి చూడాల్సింది ఆ నిలకడనే.

మరుసటి ఏడాది అతని పరుగులు 343కి తగ్గాయి. చూడగానే వెనకబడ్డాడనిపిస్తుంది. కాస్త ఆగండి! మొదటి ఏడాది ఆడింది సుమారు 303 బంతులు. రెండో ఏడాది 209. దాదాపు వంద బంతులు తక్కువ ఆడి, తగ్గించుకున్నది 54 పరుగులే! స్ట్రైక్‌రేట్ 131 నుంచి 164కి ఎగబాకింది. బౌలర్లంతా అతని వీడియోలు ముందేసుకుని బలహీనతలు వెతికాక వచ్చిన అంకె అది. తొలి ఏడాది ప్రతిభ చెబితే, రెండో ఏడాది బుర్ర చెబుతుంది.

2025 సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియాకప్ ఫైనల్. పాకిస్థాన్‌పై లక్ష్యం 147. స్కోరు 20కి మూడు వికెట్లు! తిలక్ 53 బంతుల్లో 69 చేసి అజేయంగా నిలిచి కప్పు తెచ్చాడు. మూడేళ్ల కిందట అట్టడుగు జట్టులో అలవాటైన పనే... ఈసారి ప్రపంచమంతా చూస్తుండగా చేశాడు.

ఒక కొండ, ఒక లోయ

నితీశ్ కథ ఇంకోలా నడిచింది. విశాఖలో తండ్రి కొడుకు ఆట కోసం ఉద్యోగమే వదులుకున్నాడు. 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో నితీశ్ 1,237 పరుగులు చేశాడు. ఒక్క నాగాలాండ్‌పైనే 441! అయినా 2023 సీజన్‌కి సన్‌రైజర్స్ ఇచ్చింది కనీస ధర 20 లక్షలు. ఆ ఏడాది రెండు మ్యాచ్‌లు ఆడినా బ్యాటింగే రాలేదు. అక్కడితో అంకెలు చూసి కొట్టిపారేసుంటే?

2024 ఏప్రిల్ 9న ముల్లాన్‌పూర్‌లో పంజాబ్‌పై సన్‌రైజర్స్ 39 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకుంది. నితీశ్ 37 బంతుల్లో 64 బాదాడు, ఓ వికెట్టూ తీశాడు. జట్టు గెలిచింది రెండు పరుగుల తేడాతో! ఆ సీజన్ వర్ధమాన క్రీడాకారుడి బహుమతి అతనికే. 20 లక్షల కుర్రాడిని 6 కోట్లకు అట్టిపెట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 28న మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి శతకం. 99 దగ్గర అతనుండగా బుమ్రా అవుటైతే, సిరాజ్ మూడు బంతులు కాచుకున్నాడు. ప్రేక్షకుల్లో తండ్రి కన్నీళ్లు దేశమంతా చూసింది.

మరి 2025 ఐపీఎల్? 13 మ్యాచ్‌ల్లో 182 పరుగులు. స్ట్రైక్‌రేట్ 143 నుంచి 119కి జారింది. ఏడాది మొదట్లో పక్కటెముకల దగ్గర కండరం గాయంతో ఇంగ్లాండ్ సిరీస్‌కు దూరమై, ఆ తర్వాత బౌలింగ్ దాదాపు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆల్‌రౌండర్‌కి ఒక చెయ్యి కట్టేస్తే రెండో చేతిమీద బరువు రెట్టింపవుతుంది. అయినా గాయం ఒక్కటే కారణమనడం ప్రేమ మాట. బౌలర్లు అతన్ని చదివేశారన్నదీ నిజమే. తిలక్ రెండో ఏడాది దాటిన పరీక్షలో నితీశ్ ఆ సీజన్‌కి తప్పాడు. అతను కొండెక్కిందీ నిజం, లోయలో పడిందీ నిజం... ఒకదాన్ని చూపి రెండోదాన్ని దాచేయకూడదు.

అసలు ఆ వర్ధమాన బహుమతి చరిత్ర చూస్తేనే తెలుస్తుంది. 2009లో అది అందుకున్నది డెక్కన్ చార్జర్స్ తరఫున ఆడిన రోహిత్‌శర్మ (వాళ్లమ్మది మన విశాఖే మరి!). 2011లో అందుకున్న ఇక్బాల్ అబ్దుల్లాకు భారత జట్టు టోపీయే దక్కలేదు. మొట్టమొదటి సీజన్ 2008లో గోవా కుర్రాడు స్వప్నిల్ అస్నోద్కర్ తొమ్మిది మ్యాచ్‌ల్లో 311 పరుగులతో రాజస్థాన్‌కు కప్పు అందించడంలో చెయ్యేశాడు. ఆ మెరుపు మళ్లీ రాలేదు. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు మాత్రం 24 ఏళ్లకి, ఐసీఎల్ చిక్కుల్లోంచి బయటపడి, 2010లో ముంబై తరఫున తొలి సీజన్ ఆడి 356 పరుగులు చేశాడు. భారత జట్టు తలుపు తెరుచుకుంది 2013లో. ఐపీఎల్ ఆడటం మానేసేసరికి అతని ఖాతాలో ఆరు కప్పులు!

పద్నాలుగేళ్లకే వందా?

2025 ఏప్రిల్ 28న పద్నాలుగేళ్ల వైభవ్ సూర్యవంశీ 35 బంతుల్లో శతకం కొట్టాడు. మంచిదే. కానీ ఆ రాత్రి నుంచి ఎన్ని ఇళ్లలో పదమూడేళ్ల పిల్లాడిని తేరిపార చూసుంటారో!

తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు వంటి ఊళ్లలో ఈ లెక్క మరీ కఠినం. మంగళగిరి వెళ్లాలంటే తణుకు నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు. ఒక రోజు ఎంపిక పోటీ అంటే ఇంట్లో ఒకరి పని మానుకోవడమే. ఇంతలో పదో తరగతి వచ్చిపడుతుంది. ఇంటర్‌కి ఎంపీసీ హాస్టల్లో వేయాలా, ఇంకో ఏడాది ఆడనివ్వాలా? ఒక టోర్నీలో సున్నా కొడితే కిట్ అటకెక్కుతుంది, ఇంకో టోర్నీలో వంద కొడితే చదువు అటకెక్కుతుంది. రెండూ తొందరపాటు తూకాలే. మీ పిల్లాడు ఎన్ని పరుగులు చేశాడని కాదు, ఏ స్థానంలో దిగాడు, ఎన్ని బంతులు దొరికాయి, అప్పటికి స్కోరెంత, రెండోసారి అదే బౌలర్‌ని ఎలా ఆడాడు అని కోచ్‌ని అడగండి. ఒక నోటుపుస్తకం చాలు, ఇవన్నీ రాసిపెట్టుకోవడానికి.

ఇప్పుడు ఆ మూడో అంకె... 71. గుంటూరు రషీద్‌ది. అతన్ని సాధనకు తిప్పడం కోసం తండ్రి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. రషీద్ 2022 అండర్-19 ప్రపంచకప్‌లో ఉపసారథి. మధ్యలో కొవిడ్ సోకినా కోలుకుని సెమీస్‌లో ఆస్ట్రేలియాపై 94, ఫైనల్లో ఇంగ్లాండ్‌పై 50 చేశాడు. చెన్నై సూపర్‌కింగ్స్ 20 లక్షలకు తీసుకుంది. 2023లో ఒక్క మ్యాచ్ లేదు. 2024లోనూ లేదు. ఆ ఏడాది నవంబరులో రంజీలో హైదరాబాద్‌పై ఆంధ్ర తరఫున 203 కొట్టాడు. 2025 ఏప్రిల్ 14న లఖ్‌నవూలో ఎట్టకేలకు ఓపెనర్‌గా దిగి 19 బంతుల్లో 27 చేశాడు. పది రోజులు దాటాక చెపాక్‌లో సన్‌రైజర్స్‌పై మ్యాచ్ తొలి బంతికే షమీకి దొరికిపోయాడు. మొత్తం ఐదు మ్యాచ్‌లు. ఆ సీజన్ చెన్నై నిలిచింది చిట్టచివర్న, పదో స్థానంలో.

ఐదు ఇన్నింగ్స్‌తో ఓపెనర్‌కి మార్కులేయడమంటే, నాట్లేసిన వారానికే ఎకరాకు ఎన్ని బస్తాలని అడగడమే. ఇరవయ్యేళ్లవాడికి దొరికిన రంజీ ద్విశతకం ఒకవైపు, షమీ తొలి బంతి ఇంకోవైపు పెట్టుకుని చూస్తే ప్రస్తుతానికి బరువు ఎటుందో స్పష్టమే. ఐపీఎల్ లెక్క మాత్రం అతనికి కనీసం 200 బంతులు దొరికాక వేయొచ్చు.