వార్తల్లో పదం: సామాజిక భావోద్వేగ అభ్యసనము

కోపమును నిగ్రహించుకొనుట, తోటివాని దుఃఖమును గ్రహించుట, తగవును చేయి చేసికొనక తీర్చుకొనుట మొదలగు గుణములను గణితమువలెనే ప్రాథమిక పాఠశాలయందు వేళ యేర్పఱచి అలవఱచుటకు ఈ పేరు వాడుకలోనికి వచ్చినది. అమెరికాలో ‘రెస్పాన్సివ్ క్లాస్‌రూమ్’ పద్ధతి నవలంబించు బడులలో ప్రతి ఉదయమును పిల్లలు వలయాకారముగా కూర్చుండి, ఒకరినొకరు పేరు పెట్టి పలుకరించుకొని, ఒకరు తమ ముచ్చట చెప్పగా తక్కినవారు శ్రద్ధతో విని ప్రశ్నలడిగిన పిమ్మటనే పాఠము లారంభమగును.

దీనికగు వ్యయములో పుస్తకముల వెల స్వల్పము. ఉపాధ్యాయుల శిక్షణకును బోధనకును పట్టు కాలమే అధికభాగము. 2015లో కొలంబియా విశ్వవిద్యాలయమున క్లైవ్ బెల్‌ఫీల్డ్, హెన్రీ లెవిన్ ప్రభృతులు ఇట్టి 6 కార్యక్రమములను పరిశీలించి, 1 డాలరు వ్యయమునకు సగటున 11 డాలర్ల ప్రయోజనము సిద్ధించునని గణించిరి. అంతకుముందు, 2011లో, జోసెఫ్ డర్లాక్ బృందము 213 కార్యక్రమముల ఫలితములను క్రోడీకరించి, చదువునందు సైతము 11 పర్సెంటైల్ స్థానముల వృద్ధిని చూపినది.

అయితే ఆ ప్రయోజనములో గొప్పభాగము తగ్గిన దౌర్జన్యమునకును, తప్పిన మాదకవ్యసనమునకును, భావికాలపు ఆర్జనకును కట్టిన వెల. అది సమాజమునకు దీర్ఘకాలమునకు చేరును, వ్యయభారము మాత్రము ఈ యేడే బడిమీద పడును. పిల్లల శీలమును దిద్దు అధికారము ప్రభుత్వమునకు కలదా యను వివాదమును ముదిరి, 2022లో ఫ్లోరిడా విద్యాశాఖ గణిత పాఠ్యపుస్తకములను నిరాకరించుటకు ఈ బోధనను కూడ ఒక కారణముగా పేర్కొన్నది. తరగతికి నలువది, ఏబదిమంది పిల్లలుండి ఉపాధ్యాయుఁ డొక్కఁడేయైన మన బడులకు ఆ 11 డాలర్ల లెక్కను యథాతథముగా అన్వయింపఁజాలము. మొదట ఆ గురువునకు తీరికను, శిక్షణను సమకూర్పవలెనని నా దృఢవిశ్వాసము.