గోధుమల్లో పురుగు: పోయేది బరువొక్కటే కాదు



ఎండాకాలంలోనే ఏడాదికి సరిపడా గోధుమలు కొని డబ్బాల్లో పోసుకోవడం మన సోలాపూర్ ఇళ్లలో మామూలే. వానలు మొదలైన కొన్నాళ్లకు డబ్బా అడుగున తెల్లటి పొడి కనబడుతుంది. చాటలో చెరిగి, పురుగు ఏరేసి, గిర్నీకి పంపిస్తాం. "పురుగు పోయింది కదా, ఇంకేం?" అనుకుంటాం. కానీ ఆ పిండితో చపాతీ చేస్తే సాగదు, అంచులు చిట్లుతాయి, ఒక్కోసారి చేదు కూడా తగులుతుంది. ఎందుకలా?

గోధుమలో గ్లయడిన్, గ్లూటెనిన్ అనే రెండు రకాల ప్రోటీన్లు ఉంటాయి. నీళ్లు పోసి పిసికితే ఇవి కలిసి గ్లూటెన్ అనే సాగే వల అవుతుంది. చపాతీ పొంగేది దాని బలంతోనే. గింజ కొనన ఉండే మొలక భాగంలో లైసిన్ ఎక్కువగా ఉన్న మంచి ప్రోటీన్ ఉంటుంది.

ఇప్పుడు పురుగుల సంగతి. ముక్కు పురుగు గింజలోనే గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలే తిని పెరుగుతుంది. అందుకే బయటికి గింజ బాగానే ఉన్నట్టు ఉంటుంది. నుసి పురుగు పిల్లా పెద్దా రెండూ గింజను తొలిచి పిండి చేస్తాయి. ఖాప్రా పురుగు పిల్ల ముందు మొలకనే తింటుంది, అంటే మంచి ప్రోటీన్ ముందు పోతుంది. ఎర్ర పిండి పురుగు క్వినోన్లు అనే ఘాటైన పదార్థాలు వదులుతుంది. వాటివల్ల పిండికి వాసన వస్తుంది, రంగు మారుతుంది, ముద్ద సాగే గుణం తగ్గుతుంది.

ఇక్కడొక తిరకాసు ఉంది. ప్రోటీన్‌ను సాధారణంగా నైట్రోజన్ కొలిచి, గోధుమకైతే 5.7తో గుణించి లెక్కగడతారు. నైట్రోజన్ కొలిచే పద్ధతిని 1883లో కెల్డాల్ చెప్పాడు. పురుగులు విసర్జించే యూరిక్ ఆమ్లంలోనూ నైట్రోజన్ ఉంటుంది. కాబట్టి పురుగు పట్టిన పిండిలో ప్రోటీన్ తగ్గనట్టు, ఒక్కోసారి పెరిగినట్టు కూడా లెక్క వస్తుంది. అంకె బాగుంటుంది, తిండి బాగుండదు.

పొలంలోనూ ఇలాంటి శత్రువు ఉంది. టర్కీ, ఇరాన్, సిరియాల్లో సన్ పెస్ట్ అనే నల్లి జాతి పురుగు పాలు పోసుకునే గింజలోకి లాలాజలం ఎక్కిస్తుంది. అందులోని ఎంజైము గింజలో ఊరికే ఉండి, పిండి తడపగానే పనిలోకి దిగి గ్లూటెన్‌ను కోసేస్తుంది. నూటికి రెండు మూడు గింజలు చెడినా ఆ పిండంతా రొట్టెకు పనికిరాకుండా పోవచ్చు.

మనం ఏం చేయాలి?

- గోధుమలు బాగా ఎండనివ్వండి. పంటికింద టక్కున విరగాలి. వేడి చల్లారాకే డబ్బాలో పోయండి.
- పాత గోధుమల మీద కొత్తవి పోయకండి. డబ్బా కడిగి ఆరబెట్టండి.
- పదిహేను రోజులకోసారి అడుగు నుంచి గుప్పెడు తీసి చూడండి.
- అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు ఇంట్లో ఎప్పుడూ వాడకండి. వాటినుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు ప్రాణం తీస్తుంది.

పిల్లలూ, వచ్చే సైన్స్ పీరియడ్‌కు ఇంటినుంచి చిన్న గిన్నెడు గోధుమపిండి తెండి. ముద్ద చేసి అరగంట నానబెట్టి, తెల్లనీళ్లు పోయేదాకా కడుగుదాం. చేతిలో రబ్బరులా మిగిలేదే గ్లూటెన్. మంచి పిండిలో అది ముద్దగా నిలిచి సాగుతుంది, చెడిన పిండిలో చేతికంటుకుని జారిపోతుంది. ఎవరి డబ్బా ఎలా ఉందో అక్కడే తెలిసిపోతుంది!