చక్కెరకు బదులు తీపి బిళ్ళలు: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

మధుమేహము పట్టణవాసుల జబ్బు అను మాట పాతబడినది. 2023లో ప్రచురింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారము మన దేశమున 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బు గలదు. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మములో నిలిచియున్నారు. తిరువూరు ప్రాంతపు మామిడి తోటలలోను, ప్రత్తి, మిరప చేలలోను పాటుపడు రైతు సోదరులలో కూడ "షుగరు" మందులు మ్రింగువారు కనబడుచున్నారు. వీరిలో పలువురు కాఫీ, టీలలో చక్కెర మాని తీపి బిళ్ళ వేసికొనుచున్నారు. ఈ బిళ్ళ మంచిదా చెడ్డదా, బెల్లము తినవచ్చునా, తీపి ఆకు మొక్కను మన పొలమున వేయవచ్చునా అని వ్యవసాయాధికారిని అడుగుట వాడుకయైనది. మందు మోతాదు చెప్పవలసినది వైద్యుడే. తక్కిన సంగతులు చెప్పెదను.

ఈ తీపి పదార్థములలో మొదటిది సాకరిన్. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో ఫాల్‌బెర్గ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను. మనకును ఇది క్రొత్త కాదు. పుల్ల ఐసులలోను, కల్తీ కల్లులోను ఎందరి నాలుకకో తగిలినదే. చక్కెరకంటె సుమారు 300 రెట్లు తీపి, చివర కొంచెము చేదు. 1965లో ఆస్పర్టేమ్, 1976లో సుక్రలోజ్ వచ్చినవి. మొదటిది సుమారు 200 రెట్లు, రెండవది 600 రెట్లు తీపి. ఆస్పర్టేమ్‌ను పొయ్యి మీద మరిగించినచో తీపి పోవును. కాబట్టి దానిని టీ దించిన పిదపనే వేయవలెను, పాయసములో వేసి ఉడికింపరాదు.

చక్కెర రక్తములో గ్లూకోజుగా చేరును. ఈ బిళ్ళలలోని తీపి అట్లు చేరదు గనుక త్రాగిన వెంటనే రక్తములోని చక్కెర పెరుగదు. ఇంతవరకు నిజమే. కాని పొడి రూపమున అమ్ము పొట్లములలో పరిమాణము కొరకు డెక్స్‌ట్రోజు, మాల్టోడెక్స్‌ట్రిన్ వంటివి కలుపుచుందురు. ఇవి రెండును రక్తములో చక్కెరను పెంచునవే. పొట్లము వెనుక చిన్న అక్షరములు చదివించుకొనుడు.

ఇపుడు లెక్క చూడుడు. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల చొప్పున చక్కెర మానినచో సుమారు 40 గ్రాములు తగ్గినది. మంచిదే. కాని 150 గ్రాముల బియ్యము వండిన ఒక్క పూట అన్నములోనే 115 గ్రాములకు పైగా పిండి పదార్థము గలదు, అదియు గ్లూకోజుగా మారునదే. టీలో బిళ్ళ వేసికొంటిని గదా అని మూడు పూటల పళ్ళెము నిండ అన్నము తిన్నచో ఆ బిళ్ళ ఏమి చేయగలదు? అన్నము తగ్గించి కూర, పప్పు పెంచుట, ఒక పూట కొర్ర అన్నము తినుట ఇంతకంటె పనికివచ్చును. వరిలో కూడ రకమును బట్టి భేదము గలదు. 2015లో విడుదలయైన తెలంగాణ సోన (ఆర్.ఎన్.ఆర్. 15048) అన్నము తక్కిన పలు రకములకంటె నెమ్మదిగా చక్కెరగా మారునని పరీక్షలలో తేలినది. ఐనను రెట్టింపు తిన్నచో ఆ లాభము పోవును.

బెల్లము సంగతి సూటిగా చెప్పవలసియున్నది. బెల్లములో కొద్దిగా ఇనుము, ఖనిజములు ఉన్నను అధిక భాగము చక్కెరయే. అనకాపల్లి బెల్లమైనను, తాటి బెల్లమైనను షుగరు రోగికి చక్కెరతో సమానమే.

బిళ్ళలను ఏండ్ల తరబడి వాడినచో ఏమగునను దానిపై శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేదు. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు 2022లో 120 మంది ఆరోగ్యవంతులపై చేసిన ప్రయోగమున సాకరిన్, సుక్రలోజ్ రెండు వారములు వాడిన వారిలో, గ్లూకోజు త్రాగినపుడు రక్తములో చక్కెర మునుపటికంటె ఎక్కువగా పెరిగెను. ప్రేగులలోని సూక్ష్మజీవులు మారుట దీనికి కారణమని వారు చూపిరి. బరువు తగ్గుటకు ఈ బిళ్ళలపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో సలహా ఇచ్చెను. ఇప్పటికే మధుమేహము ఉన్నవారికి ఆ సలహా వర్తింపదనియు చెప్పెను. అదే సంవత్సరము ఆస్పర్టేమ్‌ను క్యాన్సరు కలిగించుటకు అవకాశమున్న వాని జాబితాలో చేర్చిరి, కాని సాక్ష్యము బలహీనమని చెప్పి, శరీర బరువు కిలోకు 40 మిల్లీగ్రాముల దినసరి పరిమితిని మార్చలేదు. రోజుకు రెండు మూడు బిళ్ళలు వేసికొనువాడు ఆ పరిమితికి చాల దూరమున ఉండును. పిల్లలకు మాత్రము అలవాటు చేయకుడు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి గలదు. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడు రైతు వేళకు తినక ఎండలో పనిచేసినచో రక్తములో చక్కెర అమాంతము పడిపోవచ్చును. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు దాని గురుతులు. అట్టి సమయమున తీపి బిళ్ళ ఎన్ని వేసినను ప్రయోజనము లేదు! నిజమైన చక్కెర గాని గ్లూకోజు గాని మూడు నాలుగు చెంచాలు నీళ్ళలో కలిపి త్రాగవలెను. పావుగంటలో తగ్గనిచో మరల త్రాగి, పిదప అన్నము తినవలెను. స్పృహ తప్పిన వాని నోట ఏమియు పోయరాదు. వెంటనే 108కి కబురు చేయవలెను. పొలమునకు పోవునపుడు రుమాలు కొసన చక్కెర పొట్లము కట్టుకొని పొండు. పురుగుమందు చల్లుచుండగా ఈ గురుతులు కనబడినచో విషమా, షుగరు తగ్గుటయా అని తర్కించుచు కూర్చుండక, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి పోయి రెండు సంగతులును చెప్పవలెను.

ఇక తీపి ఆకు, అనగా స్టీవియా. దీని జన్మభూమి పరాగ్వే. ఆకునుండి శుద్ధి చేసిన తీపి పదార్థము చక్కెరకంటె 200 నుండి 300 రెట్లు తీపి. దానిని ఆహారములలో వాడుటకు మన దేశమున 2015లో అనుమతి వచ్చినది. మొక్క కొమ్మ ముక్కలనుండి బాగుగా పెరుగును. తేమ ఎల్లపుడు కావలెను, నీరు నిలిచినచో కుళ్ళును. పూమొగ్గ వచ్చినచో ఆకులో తీపి తగ్గును గనుక మొగ్గ త్రుంచవలెను. తిరువూరు వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండకు నీడ కల్పింపనిచో నిలుచుట కష్టము. మొక్కలమ్మువాడు "ఆకు మేమే కొందుము" అన్నచో, ధర, తేమ శాతము, కొను గడువు కాగితము మీద వ్రాయించుకొనుడు. వ్రాయననినచో మొక్కలు కొనకుడు. ఈ యేడు పెరటిలో మామిడి నీడన పది మొక్కలు నాటి, వేసవి గడచిన పిదప ఎన్ని మిగిలినవో చూచి, అటుపిమ్మట ఎకరము మాట ఆలోచింపుడు.