పట్టా మీద నాగార్జునుడు, పళ్లెంలో మసూరి

తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల్లో డిగ్రీ చదివిన మనలో చాలామంది పట్టాల మీద ఒక బౌద్ధాచార్యుడి పేరు అచ్చయి ఉంటుంది. 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయం ఆయన పేరు పెట్టుకున్నదే. హాల్ టికెట్ల మీద, మార్కుల జాబితాల మీద ఆ పేరు ఏళ్ల తరబడి చూశాం. ఆ నాగార్జునుడు మనమిప్పుడు కాపురముంటున్న జపాన్‌లో ఎంత పెద్దవాడో మాత్రం ఇక్కడికి వచ్చాకే తెలుస్తుంది. ఇక్కడివాళ్లు ఆయన్ని ర్యూజు అంటారు. ఎనిమిది బౌద్ధ శాఖలకు మూలపురుషుడని కొలుస్తారు. జోదో షిన్ శాఖవారు తమ ఏడుగురు ఆచార్యుల్లో మొదటి స్థానం ఆయనకే ఇచ్చారు. వాళ్లు నిత్యం పఠించే స్తోత్రంలో ఆయన దక్షిణ భారతంలో పుడతాడని బుద్ధుడే ముందుగా చెప్పినట్టు ఉంటుంది. క్యోటోలోనో హిరోషిమాలోనో ఒక ముసలమ్మ పొద్దున్నే దీపం పెట్టి తలచుకునే పేరూ, మన ఊరి కుర్రవాడు పరీక్ష ఫీజు చలానా మీద రాసే పేరూ ఒకటే.

ఆ పేరు పెట్టుకున్న మన విశ్వవిద్యాలయంలో ఒక జపాన్ పండగ జరగాలని నా ఆశ. మన దేశంలో విద్యాసంస్థలకు జపాన్‌తో చెలిమి కొత్తేమీ కాదు. శాంతినికేతన్‌లో రవీంద్రుడి రోజుల నుంచీ జపాన్ గురువులు వచ్చి జూజుత్సు నేర్పారు. అక్కడి జపాన్ అధ్యయన కేంద్రం నిప్పన్ భవన. తెలుగు నేల మీద చెప్పుకోవలసింది ఐఐటీ హైదరాబాద్. 2008లో మొదలైన ఆ సంస్థకు సంగారెడ్డి దగ్గర కంది ప్రాంగణంలో జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా రుణసాయం అందింది. కొన్ని భవనాల రూపకల్పనలో టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యులు పాలుపంచుకున్నారు. అక్కడి పిల్లలు పై చదువులకు జపాన్ వెళ్లే దారి కూడా ఆ స్నేహంలోంచే వచ్చింది. హైదరాబాద్‌లోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో జపాన్ భాష చెబుతున్నారు. ఇవన్నీ సంతోషించవలసిన సంగతులే. నా ఆశ మాత్రం హైదరాబాద్ దగ్గర ఆగదు. మన కృష్ణా డెల్టా దాకా వస్తుంది.

ఎందుకంటే జపాన్ రోజు అనగానే ఎక్కడైనా కనబడేవి ఒకటే. కాగితం కొంగలు, కుంచెతో రాత, అద్దెకు తెచ్చిన యుకాతా దుస్తులు, అనిమే పాత్రల వేషాలు. పిల్లలు వాటిని ఇష్టపడతారు, పడనివ్వండి, అందులో తప్పులేదు. కానీ బాపట్లలోనో తెనాలిలోనో ఆ పండగ జరిపితే జపాన్‌ను పరాయి దేశపు వింతగా చూపించాల్సిన అవసరం లేదు. చూపించడానికి సొంత ఊళ్లోనే సరుకుంది.

అన్నంతో మొదలుపెడతాను. బాపట్ల వరి పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, తెలుగువాళ్లు ఎక్కడున్నా వెతుక్కుని కొనుక్కునే సన్నబియ్యం. దాని తల్లిదండ్రుల్లో ఒకటి మసూరి. ఆ మసూరి కథ తెలిస్తే బియ్యం కడిగేటప్పుడు చేతిలోని గింజను ఒక్కసారి వెలుతురుకు పెట్టి చూడాలనిపిస్తుంది. గత శతాబ్దపు 1920లలో, జపాన్ ఏలుబడిలో ఉన్న తైవాన్‌లో, తైచుంగ్ కేంద్రంలో జపాన్ శాస్త్రజ్ఞులు కామెజి, షిన్‌రికి అనే రెండు జపాన్ వరి రకాలను కలిపి తైచుంగ్ 65ను తయారుచేశారు. తర్వాత 1950లలో ఆసియా అంతా ఆకలితో అలమటిస్తున్నప్పుడు ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో ఒక పెద్ద పని తలపెట్టింది. జపాన్ వరి ఎరువుకు బాగా స్పందిస్తుంది. మన వరి మన ఎండకూ వానకూ తట్టుకుంటుంది. రెండింటి గుణాలూ ఒక మొక్కలోకి తేవాలని వందల సంకరాలు చేసి, ఆ విత్తనాలను ఆసియా దేశాలకు పంచారు. చాలావాటికి తాలు గింజలే మిగిలాయి. నిలబడ్డవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. మలేసియాలో నిలబడి 1965లో విడుదలైన మసూరి వాటిలో ఒకటి. అది తైచుంగ్ 65కూ మలేసియా దేశవాళీ రకం మయాంగ్ ఎబోస్‌కూ పుట్టినది. అక్కడి నుంచి మన పొలాల్లోకి వచ్చింది. బాపట్లవాళ్లు దాన్ని మన పాత రకం జీఈబీ 24 సంతతితో కలిపి సాంబ మసూరిని తీశారు. సోనా మసూరిలోనూ ఉన్నది ఆ మసూరే.

అంటే టోక్యోలోని నిషికసాయ్‌లో భారతీయ సరుకుల దుకాణం నుంచి పది కిలోల సంచీ మోసుకొచ్చే తెలుగు ఇల్లాలు, తెలియకుండానే, జపాన్ రక్తం ఉన్న బియ్యాన్ని జపాన్‌కు తిరిగి తెస్తోందన్నమాట. జపాన్ బియ్యం జిగురుగా, పొట్టిగా ఉంటుందని మనం వంటింట్లో విసుక్కుంటాం. మన పొడిపొడి అన్నానికి దానితో దూరపు చుట్టరికం ఉంది.

వ్యవసాయం తెలిసిన పెద్దవాళ్లుంటే ఇంకో సంగతి చెబుతారు. 1950లలో ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేసిన 'జపాను పద్ధతి' వరిసాగు. ఎత్తు మళ్లలో నారు పోయడం, విత్తనం తగ్గించడం, తాడు పట్టి వరసల్లో నాటడం, వరసల మధ్య కలుపు యంత్రం తోయడం. అంతకుముందు కూలీలు చేతికొచ్చినట్టు నాటేవాళ్లు. తాడు పట్టుకుని ఇద్దరు గట్టున నిలబడి, ముడి ఉన్నచోటల్లా కుదురు పెట్టించడం అప్పట్లో ఒక వింత. 1945లో పెట్టిన బాపట్ల వ్యవసాయ కళాశాల జపాన్ పండగ చేస్తే మొట్టమొదట వేదిక మీద ఉంచాల్సింది ఆ తాడూ, ఆ కలుపు యంత్రమూ, తైచుంగ్ 65 వరి వెన్ను ఒకటీ.

ఇక ఆడపిల్లల పండగ సంగతి. మార్చి 3న జపాన్ ఇళ్లలో హినా బొమ్మలు పెడతారు. ఎర్ర గుడ్డ పరిచిన ఏడు మెట్లు. పై మెట్టు మీద చక్రవర్తి దంపతులు, కింద ముగ్గురు పరిచారికలు, ఆ కింద అయిదుగురు వాద్యగాళ్లు, ఇలా దిగుతూ వస్తుంది కొలువు. పండగ కాగానే బొమ్మలు సర్దేయకపోతే ఆ ఇంటి పిల్ల పెళ్లి ఆలస్యమవుతుందని నమ్మకం. రేపల్లెలో సంక్రాంతి బొమ్మల కొలువుకు పేరంటం వెళ్లిన ఏ అమ్మాయికైనా ఇది విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. బేసి సంఖ్యలో మెట్లు, పైన పెద్ద దేవుళ్లు, కింద కొండపల్లి బొమ్మలు, పాతకాలం పీటలూ పెట్టెలూ పేర్చి మీద కప్పిన పట్టుచీర. ఒకదాని నుంచి ఒకటి పుట్టిందని నేననను. పక్కపక్కన పెడితే చాలు, పిల్లలే మాట్లాడుకుంటారు.

చిత్రకళ దారి కూడా ఇటే వచ్చింది. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే ఇద్దరు జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చారు. రంగును నీటిలో కడిగి, మళ్లీ అద్ది, మంచులాగా పరచే విధానాన్ని వాళ్ల దగ్గర అవనీంద్రనాథ్ ఠాగూర్ అందిపుచ్చుకున్నారు. బెంగాల్ పద్ధతి అని మనం పిలిచే చిత్రకళలో అది ప్రాణం. బెంగాల్ నుంచి ప్రమోదకుమార్ చటర్జీ రేపల్లెకు కృష్ణ అవతలి ఒడ్డున బందరు జాతీయ కళాశాలకు వచ్చి బొమ్మలు నేర్పారు. ఆయన దగ్గరే అడివి బాపిరాజు నేర్చుకున్నారు. కవిత్వంలో ఇస్మాయిల్ 'కప్పల నిశ్శబ్దం' హైకూలు, తెలుగులో కురిసిన హైకూ వాన అందరికీ తెలిసినవే, ఇక్కడ ఎక్కువ చెప్పను.

అక్షరాల గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. జపాన్ భాష మొదటి పాఠం తెరిస్తే అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. ఆ తర్వాత హల్లుల వరసలు క, స, త, న, హ, మ, య, ర, వ. ఒకప్పుడు వాళ్ల 'స' ఉచ్చారణ మన 'చ'కు దగ్గరగా ఉండేది, 'హ' స్థానంలో 'ప' ఉండేది. ఆ రెండూ మార్చి చదవండి. క, చ, త, న, ప, మ, య, ర, వ. పలక మీద మనం దిద్దిన వరసే. బౌద్ధ మంత్రాల కోసం సిద్ధం లిపి చదువుకున్న జపాన్ భిక్షువులు మన వర్ణమాల క్రమంలోనే తమ అక్షరాలను పేర్చుకున్నారు. సిద్ధం లిపికి తల్లి బ్రాహ్మి. తెలుగు లిపికి తొలి మెట్టుగా పండితులు చెప్పే రాత కూడా బ్రాహ్మిలో ఒక రకమే. అది బయటపడింది రేపల్లె పక్కన భట్టిప్రోలులో. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో ధాతువులున్న భరిణెల రాతిపెట్టెల మీద దొరికిన ఆ రాతను పండితుడు బ్యూలర్ చదివాడు. జపాన్ భాషా పరీక్ష జేఎల్‌పీటీ ఐదో స్థాయికి కూర్చుని హిరగానా బట్టీపడుతున్న తెనాలి పిల్లవాడికి ఈ సంగతి మొదటిరోజే చెబితే ఆ అక్షరాలు పరాయివిగా అనిపించవు.

అందుకే జపాన్‌లోని మన తెలుగు సంఘం పెద్దలకు నా విన్నపం. మనలో ఎందరో ఏటా సెలవులకు ఊరెళతాం. ఒక ఏడాది మన సంఘం చొరవతో నాగార్జున విశ్వవిద్యాలయం, బాపట్ల వ్యవసాయ కళాశాల, తెనాలి కాలేజీలు కలిసి జపాన్ రోజు జరిపేలా చూద్దాం. ముహూర్తం మార్చి 3 పెట్టుకుంటే పరీక్షల బెడద ఉంటుంది. సంక్రాంతి కొలువులు తీయకముందే అయితే మేలు, మన ప్రయాణాలూ అప్పుడే. టోక్యో నుంచి నలుగురు జపాన్ మిత్రుల్ని వెంటబెట్టుకెళదాం. పొద్దున్నే తెనాలిలో రేపల్లె బండి ఎక్కించి భట్టిప్రోలులో దింపి స్తూపం చూపిద్దాం. అక్కడ నాగార్జున విశ్వవిద్యాలయపు బౌద్ధ అధ్యయన విభాగం నుంచి ఒకరు మాట్లాడాలి, ఆచార్యుడి పేరూ ర్యూజు పేరూ కలిపి. మధ్యాహ్నం బాపట్లలో సాంబ మసూరి అన్నం, గోంగూర, పక్కనే జపాన్ బియ్యంతో చేసిన ఒనిగిరి. భోజనాలయ్యాక వ్యవసాయ కళాశాల పొలంలో పిల్లలూ అతిథులూ కలిసి తాడు పట్టి నాలుగు వరసలు నాటాలి. సంక్రాంతికి అక్కడ నాట్లు ఉండవనే మాట నిజమే. కాబట్టి ముందుగా ఒక చిన్న మడి తడిపి ఉంచమని కళాశాలవారిని అడుగుదాం.