నందివర్ధనంలో ఎన్ని అక్షరాలు?

‘నందివర్ధనం’ అన్న మాటలో అక్షరాలెన్ని? బడిపిల్లవాడు వేళ్ళు మడిచి ఐదంటాడు. కంప్యూటరును ఒక తీరున అడిగితే పది అంటుంది, మరొక తీరున అడిగితే ముప్పై అంటుంది. మూడూ నిజమే! ఈ తిరకాసు వల్లనే మా కడియంలో ఒక విద్యార్థి వారం రోజులు కంటిమీద కునుకు లేకుండా గడిపాడు.

కుర్రవాడిది నర్సరీ కుటుంబం. మొక్క అమ్మినప్పుడల్లా కట్టే పేరు చీటీలను కంప్యూటరు చేత అచ్చువేయించాలని అతని ఉబలాటం. ఇంట్లో ఉన్నది లైనక్సు యంత్రం. దానికి అతను ఎంచుకున్న భాష గాంబాస్. సైన్సు చదవని విద్యార్థులకు కూడా కంప్యూటరు అందాలని 1964లో అమెరికాలో డార్ట్‌మత్ కళాశాల ఆచార్యులు కెమెనీ, కర్ట్జ్ బేసిక్ భాషను తయారుచేశారు గదా, దాని ఒరవడిలోనే బెన్వా మినిసిని అనే ఫ్రెంచి ఆయన దీనిని రూపొందించాడు. మొదటి పూర్తి రూపం 2005లో వెలువడింది. తెరమీద మీటలూ, పెట్టెలూ బొమ్మ గీసినట్లు అమర్చుకుని, ఏ మీట నొక్కితే ఏం జరగాలో కింద రాసుకోవడమే పని. గాంబాస్ అంటే స్పానిష్‌లో రొయ్యలు. దాని గుర్తు కూడా రొయ్యే. మన గోదావరి వాళ్ళకు ఇంతకంటె చుట్టరికం ఏం కావాలి?

ఇంగ్లీషు పేర్లతో చీటీలు ముచ్చటగా వచ్చినవి. తెలుగు పేర్లు పెట్టేసరికి నందివర్ధనం కాస్తా ‘నంది’ అయి కూర్చున్నది. మందార ‘మందా’, మల్లె ‘మల్ల’, గులాబి ‘గులా’! తండ్రి చూసి, “ఇంతోటి దానికి యంత్రమెందుకురా, రేపటినుంచి మళ్ళీ చేత్తోనే రాసుకుందాం” అన్నాడు. అబ్బాయి ముఖం చిన్నబోయింది. పెట్టె వెడల్పు పెంచాడు. ఖతి మార్చాడు. “లైనక్సుకు తెలుగు రాదేమోనండీ మాస్టారూ!” అంటూ నా దగ్గరకు వచ్చాడు.

తెగిన పేర్లు అటుంచి, తెగని పేరేదని అడిగాను. జాజి ఒక్కటే! అసలు ఆచూకీ అక్కడ ఉన్నది. తప్పు పట్టడానికి గాంబాస్‌లో పెద్ద పరికరాలు చాలా ఉన్నవి గాని, ‘ప్రింట్’ అన్న ఒక్క మాట చాలు. ప్రతి పేరు పొడవునూ అచ్చువేయమంటే మల్లె 15, మందార 15, గులాబి 18, జాజి సరిగ్గా 12 అని వచ్చింది. ఇంగ్లీషు పేర్ల నాడు ‘పన్నెండు దాటితే కోసెయ్యి’ అని రాసిన ఆజ్ఞ అలాగే ఉండిపోయింది.

గాంబాస్ మాటలను దాచుకునే పద్ధతి యు.టి.ఎఫ్-8. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కూర్చినది. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చోటు చాలు. తెలుగులో హల్లుకు మూడు బైట్లు, గుడికి మూడు, సున్నకు మూడు, పొల్లుకూ మూడే! ‘లెన్’, ‘లెఫ్ట్’ అనే ఆజ్ఞలు బైట్లనే లెక్కపెడతాయి. వాటికి ముందు ‘స్ట్రింగ్’ అని చేర్చి రాస్తే గుర్తులను లెక్కపెడతాయి. నందివర్ధనం ముప్పై నుంచి పదికి దిగింది, పన్నెండులో హాయిగా పట్టింది.

అంతటితో తీరిందా? తీరలేదు. గుర్తు వేరు, అక్షరం వేరు. మల్లెలో మనకు అక్షరాలు రెండే. యంత్రానికి మ, ల, పొల్లు, మళ్ళీ ల, ఎత్వం అని అయిదు గుర్తులు. పొడుగుపాటి పేరును పన్నెండవ గుర్తు దగ్గర కోస్తే, వత్తో గుడో తెగి పక్కన పడుతుంది. తెలుగు చదివినవాడికి అది పంటికింద రాయి. లెక్కపెట్టి కోయడం అన్న ఆలోచనే తెలుగుకు పొసగదని నా అభిప్రాయం. ఎంచుకున్న ఖతిలో ఒక పేరు ఎంత వెడల్పు పడుతుందో కొలిచిచెప్పే సదుపాయం గాంబాస్‌లోనే ఉన్నది. కుర్రవాడు కోత మానేసి కొలత పెట్టుకున్నాడు. పేరు పట్టకపోతే అక్షరాలు చిన్నవవుతాయి, అప్పటికీ పట్టకపోతే రెండో వరుసకు దిగుతాయి.

తండ్రి ఇప్పుడు చీటీ మీద ధర కూడా వేయమంటున్నాడట. రాధామనోహరం మాత్రం రెండు వరుసల్లో వస్తున్నది.