సెల్లార్‌లో చెమ్మ: గోడ నుంచా, గాలి నుంచా?

ఆగస్టు నెల. భిలాయ్‌లో నాలుగు రోజులుగా ముసురు పట్టింది. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒక తెలుగు ఉద్యోగి టౌన్‌షిప్‌ను ఆనుకుని ఉన్న కాలనీలో ఇల్లు కట్టుకుని, సెల్లార్‌లో తన సరదా పనులకు ఒక గది అమర్చుకున్నారనుకుందాం. ఒక మూల చిన్న లేత్, బెంచ్ వైస్, ఆకురాళ్లు. ఇంకో మూల పాత హార్మోనియం, పక్కన కెమెరా పెట్టె. వాన తెరిపి ఇవ్వగానే, గాలి ఆడితే చెమ్మ పోతుందని ఆయన తలుపు, కిటికీ బార్లా తీసిపెట్టారు. మర్నాటికి లేత్ మీద ఎర్రటి పొర కనిపించింది. హార్మోనియం మెట్లు నొక్కితే మళ్లీ పైకి లేవడం లేదు.

తలుపు తీయడమే అసలు పొరపాటు. ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది.

బయటి గాలి 30 డిగ్రీల సెల్సియస్ వద్ద, 80 శాతం సాపేక్ష ఆర్ద్రతతో ఉందనుకుందాం. వర్షాకాలంలో ఇది మామూలే. అలాంటి గాలి ప్రతి ఘనపు మీటరులో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న గదిలో ఆ గాలి నిండితే దాదాపు ముప్పావు లీటరు నీరు లోపలికి వచ్చినట్టే. సెల్లార్ గోడలు మట్టిని ఆనుకుని ఉంటాయి కాబట్టి బయటికంటే చల్లగా ఉంటాయి. గోడ 27 డిగ్రీల వద్ద ఉన్నా, దాన్ని తాకిన గాలిలో ఆర్ద్రత 95 శాతానికి చేరుతుంది. గోడ 26 డిగ్రీలకు దిగితే ఆవిరి నీటి చుక్కలుగా మారుతుంది. ఆ గాలికి మంచు బిందు ఉష్ణోగ్రత దాదాపు అదే. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టడం లాంటిదే ఇది.

ఇనుము తుప్పు పట్టడానికి నీటి చుక్కలు కనిపించాల్సిన అవసరం కూడా లేదు. గాలిలో ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే, ముఖ్యంగా గాలిలో గంధకపు వాయువులు, దుమ్ము ఉన్నచోట, తుప్పు వేగం ఒక్కసారిగా పెరుగుతుందని 1930లలో బ్రిటన్ శాస్త్రవేత్త వెర్నన్ ప్రయోగాల్లో తేలింది. కొలిమి ఊళ్లో ఈ సంగతి వేరే చెప్పాలా? కర్ర కథ వేరు. 60 శాతం ఆర్ద్రతలో తన బరువులో సుమారు 11 శాతం నీటిని పట్టుకునే కర్ర, 90 శాతానికి చేరితే 20 శాతం దాకా పీల్చుకుని ఉబ్బుతుంది. హార్మోనియం మెట్లు బిగుసుకుపోయేది అందుకే. 80 శాతం దాటిన చోట బూజు కూడా కాపురం పెడుతుంది. కెమెరా లెన్సు లోపలికి బూజు చేరితే గాజు మీది పూతనే తినేస్తుంది.

గాలిలోని చెమ్మ ఉక్కు పరిశ్రమకు పాత శత్రువే. బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి ఊదే గాలిలో ఆవిరి ఉంటే అది మండుతున్న కోక్‌తో చర్య జరిపి వేడిని మింగేస్తుంది. ఋతువు మారినప్పుడల్లా కొలిమి తీరు మారకూడదని 1904లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గర జేమ్స్ గేలీ అనే ఇంజినీరు ఊదే గాలిని ముందుగా చల్లార్చి, అందులోని నీటిని మంచుగా పట్టి తీసేశారు. కోక్ వినియోగం తగ్గింది. ఇంట్లో వాడే డీహ్యుమిడిఫయర్ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. భిలాయ్‌లో 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయ్యేనాటికి ఈ విద్య అర్ధ శతాబ్దం పాతది.

అయితే చెమ్మంతా గాలి నుంచే రాదు. ఛత్తీస్‌గఢ్ మైదాన రైతులు తమ నేలలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని పేర్లు పెట్టి పిలుచుకుంటారు. వీటిలో కన్హార్ నల్లటి బంకమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, నీటిని తేలికగా వదలదు. అలాంటి నేలలో సెల్లార్ తవ్వి, చుట్టూ వదులు మట్టి పూడిస్తే, గుంతలో నీళ్లు నిలిచినట్టే గోడ చుట్టూ వాన నీరు నిలుస్తుంది. ఒక మీటరు లోతున నిలిచిన నీరు గోడ మీద చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను ఒత్తిడి పెడుతుంది. లోపలి వైపు ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ పెయింటు వేసినా రెండు మూడు వానలకే పొక్కులు లేచి రాలిపోవడానికి కారణం ఇదే. బయటి నుంచి తోసుకొచ్చే నీటిని లోపలి పెయింటు అడ్డుకోలేదు. అయినా ఎక్కువమంది మొదట డబ్బు పోసేది దాని మీదే.

మూడో దారి పునాది నుంచి పైకి. ఇటుకలో, గారలో ఉండే సన్నని రంధ్రాల ద్వారా నీరు పైకి పాకుతుంది. మిల్లీమీటరులో వందో వంతు వ్యాసార్ధం ఉన్న రంధ్రంలో నీరు దాదాపు ఒకటిన్నర మీటర్ల ఎత్తుకు ఎక్కగలదు. నీరు ఆవిరైనచోట దానితో వచ్చిన లవణాలు తెల్లగా పేరుకుంటాయి. గోడకు చౌడు పట్టిందని అనేది దీన్నే. ఆ స్ఫటికాలు పెరిగే ఒత్తిడికే గార పెచ్చులుగా ఊడిపోతుంది.

మరి మన గదిలో ఉన్నది ఏ రకం చెమ్మ? ఇది తేల్చడానికి వంద రూపాయలు కూడా అక్కర్లేదు. రెండడుగుల చదరపు ప్లాస్టిక్ షీట్‌ను గోడకు అన్ని వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించి, రెండు రోజులు వదిలేయాలి. షీటుకు గది వైపున నీరు పడితే అది గాలిలోని చెమ్మ. గోడ వైపున పడితే నీరు గోడలోంచి వస్తోంది. రెండు వైపులా తడి ఉంటే రెండూ ఉన్నట్టే. పక్కన చిన్న డిజిటల్ హైగ్రోమీటరు కూడా ఉంటే మంచిది. చవకరకం పరికరం నిజం చెబుతోందో లేదో వంటింటి ఉప్పుతో తేలుతుంది: సీసా మూతలో ఉప్పు వేసి, కాస్త నీటితో తడిపి, హైగ్రోమీటరుతో పాటు మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఒక రాత్రి ఉంచాలి. మర్నాడు 75 చూపాలి. 70 చూపితే, ఇకపై చూపే అంకెకు 5 కలుపుకోవాలి.

నీరు గోడలోంచి వస్తుంటే పని బయట మొదలవ్వాలి. డాబా మీది నీటి గొట్టం గోడ మొదట్లో పడకుండా దూరానికి మళ్లించడం, ఇంటి చుట్టూ నేలను బయటికి వాలుగా చేయడం, చిల్లుల పైపు, కంకరతో గోడ పక్క నీటిని సంపుకు లాగడం. ఖర్చు తక్కువ పనులు ముందు, తవ్వకం తర్వాత. కొత్తగా కట్టేవారికి ఇంకో వెసులుబాటుంది. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్‌తో చేసిన సిమెంటు వాడి, ఓపికగా నీళ్లు పెట్టి క్యూరింగ్ చేస్తే కాంక్రీటులో రంధ్రాలు సన్నబడి నీరు దూరడం తగ్గుతుంది. ఆ స్లాగ్ ఊళ్లోని కొలిముల్లోనే పుడుతుంది.

చెమ్మ గాలి నుంచే అయితే మందు తలుపు దగ్గర ఉంది. వర్షాకాలంలో మూసి ఉంచి డీహ్యుమిడిఫయర్ నడపాలి. గాలి మొత్తం ఒకసారి మారితే, దాన్ని 60 శాతానికి తేవడానికి యంత్రం మళ్లీ పావు లీటరు నీరు లాగాలి. తలుపు తీసి యంత్రం నడిపితే కరెంటు బిల్లే మిగులుతుంది. విచిత్రమేమిటంటే గదిని ఆరబెట్టడానికి మండు వేసవి మంచి కాలం. మే నెలలో 43 డిగ్రీల వద్ద, 20 శాతం ఆర్ద్రత ఉన్న గాలికి మంచు బిందువు 15 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చల్లని గోడను తాకినా అది నీరు వదలదు, పైగా గోడలోని నీటిని పట్టుకుపోతుంది.

ఒక పని మాత్రం ఎప్పుడూ చేయకూడదు. చలికాలంలో వెచ్చదనానికి వాడే బొగ్గుల సిగ్డీని గది ఆరబెట్టడానికి మూసిన సెల్లార్‌లో పెట్టడం. దాన్నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. మనిషి నిద్రలోనే పోతాడు. తడి గోడల మీద స్విచ్‌బోర్డులు ఉంటే లీకేజీ కరెంటును పసిగట్టి ఆపే ఆర్‌సీసీబీ తప్పనిసరి. బూజు సంగతీ తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. ఇంట్లో చెమ్మ, బూజు ఉబ్బసం వంటి శ్వాస సమస్యలకు కారణమవుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ గదిలో రోజూ గంటలు గడిపేది అరవై దాటిన మనిషి అయితే ముప్పు మరింత.

గది మొత్తాన్ని ఆరబెట్టే స్తోమత లేకపోతే ఒక బీరువానైనా కాపాడుకోవచ్చు. 27 డిగ్రీల వద్ద 80 శాతం ఉన్న గాలిని మూడు డిగ్రీలు వేడి చేస్తే చాలు, ఆర్ద్రత 67 శాతానికి పడిపోతుంది. పాతకాలపు ఫోటోగ్రాఫర్లు ఇనప బీరువా అడుగున 15 వాట్ల ఫిలమెంటు బల్బు వెలిగించి ఉంచింది ఇందుకే. కెమెరా, ఆకురాళ్లు పై అరల్లో, గుడ్డలూ కాగితాలూ బల్బుకు దూరంగా. హార్మోనియాన్ని మాత్రం జూన్‌కు ముందే మేడ మీదికి చేర్చడం మేలు.