అరకిలో గాలి, ఇరవై కిలోల గాలి

హైదరాబాద్ తార్నాకలో మా పాపకు కొన్న కాగితపు గాలిపంకా ఇంటికి చేరేలోపే తిరగడం మానేసింది. చూస్తే, కాగితానికీ పుల్లకూ మధ్య ఉండాల్సిన చిన్న పూస జారిపోయింది. కాగితం పుల్లకు ఒరుసుకుంటోంది. ఇంకో పూస గుచ్చగానే మళ్లీ గిర్రున తిరిగింది.

కాగితం మూలలు మధ్యకు మడిస్తే నాలుగు దొప్పలు ఏర్పడతాయి. దొప్పలోకి దూరిన గాలి గట్టిగా తోస్తుంది, దాని వీపున తగిలిన గాలి పక్కలకు జారిపోతుంది. ఆ తేడాయే పంకాను తిప్పుతుంది.

నగర కూడళ్లలో గాలికి కదిలే ఉక్కు శిల్పాలకూ ఇవే ఆధారం. గాలిని పట్టే ఆకారం ఉండాలి, రాపిడి తగ్గాలి. పూస చేసే పని అక్కడ బేరింగు చేస్తుంది. ఈ కళకు పేరు తెచ్చిన అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ 1919లో మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్నవారు. గిరా సారాభాయ్ ఆహ్వానం మీద 1955లో అహ్మదాబాద్ వచ్చి, అక్కడే కొన్ని శిల్పాలు చేశారు.

అసలు చిక్కు గాలి స్వభావంలో ఉంది. వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. సెకనుకు 3 మీటర్ల పిల్లగాలి చదరపు మీటరు రేకును సుమారు అరకిలో బరువంత తోస్తుంది. వేసవి సాయంత్రపు గాలిదుమారం 20 మీటర్ల వేగం అందుకుంటే అదే రేకు మీద ఇరవై కిలోలకు పైగా పడుతుంది. శిల్పం అరకిలోకు కదలాలి, ఇరవై కిలోలకు విరగకూడదు.

దీనికి మరో శిల్పి జార్జ్ రికీ తక్కెడ సూత్రాన్ని వాడుకున్నారు. పొడవాటి ఉక్కు రేకు ఇరుసుకు పైన ఎక్కువగా, కింద తక్కువగా ఉంటుంది. కింది కొనలో సీసం. ఆ బరువు పైభాగం కంటే కొంచెమే మొగ్గుతుంది. దాదాపు సమంగా నిలిచిన తక్కెడ వేలు తగిలితేనే ఊగినట్టు, రేకు పిల్లగాలికే మెల్లగా ఒరుగుతుంది, సీసం దాన్ని తిరిగి నిలబెడుతుంది. గాలి హోరెత్తితే వరిచేనులా వాలిపోయి దెబ్బ తప్పించుకుంటుంది.

ఇలాంటి శిల్పాలను కదిలించే గాలి మన దగ్గరా ఉంది: మృగశిర కార్తె నుంచి మనకు పడమటి గాలి జోరు. తార్నాక మెట్రో స్తంభాలకు కొట్టుకుని అది సుడులుగా చీలుతుంది. అక్కడ ఎటు గాలికైనా తిరిగే దొప్పల చక్రం నప్పుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు ఆరుబయట రికీ తరహా రేకులు నిదానంగా ఊగగలవు. ఈ రెండూ ఇక్కడ వెలయాలని నా కోరిక. అప్పుడు క్లాసుకు వెళ్లే విద్యార్థి, బస్సు కోసం నిలబడ్డ మనిషి తలెత్తితే చాలు, గాలి ఎలా వీస్తోందో కంటికి కనబడుతుంది.